అవ్వ ఆనుకునే గోడ

మా ఇంట్లో కూర్చున్నప్పుడు వెనక్కి ఆనుకునే అలవాటు ఎవరికీ లేదు. అది ఎవరో నోరు తెరిచి చెప్పిన నియమం కాదు. భోజనం దగ్గరా, ప్రార్థనలోనూ తాతయ్య నిటారుగా కూర్చునేవారు. ఆయన్ని చూసి నాన్న, నాన్నను చూసి నేను. చర్చిలో మొదటి వరుసలో మా కుటుంబానికి ఒక టేకు బెంచీ ఉంది. కూర్చునే పలక మూడు తరాల బరువుకు అరిగి నున్నబడింది. వీపు ఆన్చుకునే పలక మీద పాలిష్ మాత్రం చేయించిన రోజున ఎలా ఉందో అలాగే ఉండేది.

మా చర్చి పాతబస్తీలో, దబీర్‌పురా స్టేషన్ వెనక సందుల్లో ఉంది. తెలియనివాళ్ళు దాని ముందు నుంచి నడిచిపోతూ కూడా గుర్తుపట్టరు. ఒక పక్క గాజుల గోదాము, ఎదురుగా షేర్వానీలు కుట్టే దర్జీ దుకాణం, గేటు మీద కరెంటు తీగల మధ్య ఇరుక్కున్న సిలువ. లోకల్ రైలు పోయినప్పుడల్లా లోపల ఆగి ఉన్న ఫ్యాన్లు కూడా కొద్దిగా ఊగుతాయి. దేవుడు లోపలికి వచ్చాడనడానికి అది గుర్తని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి.

ఆ స్థలం తాతయ్య ఇచ్చింది. కట్టించిందీ ఆయనే. అప్పట్లో ఆ సందులో సగం ఇళ్ళు మావి. ఇప్పుడు నేనుంటున్నది ఒకప్పటి మా కట్టెల కొట్టు. రెండు గదులుగా చేసుకున్నాను, తలుపుకు ఇత్తడి గొళ్ళెం పెట్టించుకున్నాను. మిగిలినవన్నీ పరాయివాళ్ళ గోదాములు. ఎవరైనా ఆ సంగతి ఎత్తి జాలిపడబోతే నేను ఎండల సంగతి ఎత్తుతాను.

చర్చిలో మాకంటూ మిగిలినవి రెండు. ఒకటి ఆ బెంచీ. రెండోది గోడలో ఒక భాగం.

క్రిస్మస్ ముందు మా చర్చికి కూలివాళ్ళు సున్నం వెయ్యరు. ఏ కుటుంబం గోడ ఆ కుటుంబం తమ చేతులతో వేసుకోవాలి. తాతయ్య పెట్టిన పద్ధతి అది. గుమ్మం పక్క గోడ రైల్వేలో పనిచేసే కుటుంబానిది, వెనక గోడ అన్నదమ్ములిద్దరిది. గీత గీసి ఉండదు గానీ ఎవరి కుంచె ఎక్కడ ఆగాలో పసిపిల్లలకు కూడా తెలుసు. తూర్పు గోడలో వేదిక వైపు భాగం మాది. తాతయ్య పేరు చెక్కిన నల్లరాయి అందులోనే ఉంది. ఏటేటా సున్నం మీద సున్నం పడి ఆ గోడలకు మూలలు కూడా గుండ్రంగా మెత్తబడిపోయాయి.

మగవాళ్ళు పడమటి వైపు కూర్చుంటారు, ఆడవాళ్ళు తూర్పు వైపు, చాపల మీద. సరిగ్గా మా నల్లరాయి కింద అవ్వ కూర్చునేది.

ఆమె సంఘంలో అందరికీ అవ్వే. లక్క గాజులకు రాళ్ళు అతికించే పని. పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టేదాకా వంగే ఉండాలి. అందుకే ఆమె వీపు నిలబడదు, ఏదైనా ఆసరా కావాలి. గోడకు ఆనుకుంటే మాత్రం ఆమె గొంతు సందు చివరిదాకా వినిపిస్తుంది. ఏ పాటైనా ఆమె ఎత్తుకుంటేనే మిగతా ఆడవాళ్ళు అందుకుంటారు. వాళ్ళ అమ్మ మా వంటింట్లో పనిచేసేది. ఆ చనువుతో నన్ను "దొరా" అంటుంది. అందులో మర్యాద ఎంత, ఎగతాళి ఎంత అన్నది ఇన్నేళ్ళలో నాకు తేలలేదు.

నిరుడు వానలకు ముందు చర్చి పక్కనున్న పాత ఇల్లు పడగొట్టి సెల్లారు కోసం తవ్వడం మొదలుపెట్టారు. మా తూర్పు గోడకు ఆవల ఇల్లు పోయి గొయ్యి వచ్చింది. వానాకాలమంతా ఆ గోతిలో నీళ్ళు నిలిచాయి. తరువాత మోటార్లు పెట్టి తోడేసి మళ్ళీ తవ్వారు.

డిసెంబరు మొదట్లో ఒక ఉదయం నేను బకెట్టు, కుంచె తీసుకుని చర్చికి వెళ్ళాను. మా గోడకు నేనొక్కణ్ణే వేస్తాను. కింద నుంచి పైకి కుంచె లాగుతూ ఉంటే, నా నడుము ఎత్తుకు వచ్చేసరికి చెయ్యి నావైపు తోసుకొచ్చింది. మళ్ళీ కింది నుంచి లాగాను. మళ్ళీ అంతే. ఏళ్ళ తరబడి చేసిన పని కాబట్టి ఆ గోడ నా చేతికి తెలుసు. అక్కడ ఎప్పుడూ ఎత్తు లేదు.

నల్లరాయి దగ్గరికి వెళ్ళి చూశాను. రాయి కింది అంచు గోడ నుంచి విడిపోయి ఉంది. చూపుడువేలు దూర్చాను, లోపలికి పోయింది. వేలు తీసేశాక గోడ లోపల ఎక్కడో ఇసుక జారింది. చిన్న చప్పుడు, చేటలో బియ్యం ఒక పక్కకు ఒరిగినట్టు. చాలాసేపు జారింది.

కుంచె కడిగి పక్కన పెట్టి బయటికి వచ్చాను. దర్జీ భాయ్ కాజాలు కుడుతూ నా మొహం చూశాడు.

"క్యా సాబ్, దీవార్ కు పేట్ నికలా సో అబ్ దేఖే?"

గోడకు పొట్ట రావడం ఇప్పుడు చూశారా అంటున్నాడు. అతని దుకాణం నుంచి ఆ గొయ్యి, గోడ బయటి వైపూ రెండూ కనిపిస్తాయి.

"మీరెప్పుడు చూశారు భాయ్?"

"వానల్లనే చూసిన. మీ అయ్యగారికి చెప్పిన. దువా చేస్తమన్నడు." సూదిలో దారం ఎక్కిస్తూ అన్నాడు, "నేనైతే కుర్చీ గిటు జరుపుకున్న సాబ్. గది పడితె బయటికి పడ్తదో లోపలికి పడ్తదో అల్లాకే తెలుసు."

మా పాస్టరు వయసులో నాకంటే చిన్నవాడు. ఆయన తాత మా జట్కా తోలేవాడు. ఆ మాట నేను ఎన్నడూ అనలేదు, ఆయన ఎన్నడూ మరిచిపోలేదు. నేను వెళ్ళేసరికి వరండాలో క్రిస్మస్ నక్షత్రానికి రంగు కాగితాలు అంటిస్తున్నాడు.

"చూసిన సార్," అన్నాడు నేను పూర్తిగా చెప్పకముందే. "నాకు గూడ కండ్లున్నయి. ఇంజనీరును పిలుద్దమంటరు. ఆయన పడిపోతదని రాసిస్తడు. ఆఫీసోళ్ళొచ్చి తాళం ఏస్తరు. గీ సందుల్ల ఒకసారి తాళం పడ్డంక మల్ల తెర్సుకున్న జాగ ఒక్కటి చూపెట్టుండ్రి."

తాళం అంటే నాకూ భయమే. తాతయ్య కట్టించిన తలుపుకు సర్కారు సీలు పడటం చూడటానికి నేను బతికి ఉండక్కర్లేదు.

"తాళం వద్దు. ఆడవాళ్ళ చాపలు అక్కణ్ణుంచి తీసేయించండి. పండగయ్యాక గోడకు దుంగలు పోటు పెట్టిద్దాం," అన్నాను.

"ఏడికి తియ్యాలె సార్? పండుగ నాడు కాలు పెట్ట సందుండది. చంటిపిల్లల తల్లులను బజార్ల నిలబెట్టాల్నా?" కాసేపు కాగితం మడతపెట్టి, తల ఎత్తకుండానే అన్నాడు. "ఇంకో మాట. మీరు కమిటీల నుంచి పోయినప్పటి సంది మీకు ఏడ చూసినా పగుళ్ళే కనవడ్తున్నయని జనం అంటున్నరు. నేనంటలేను."

చర్చికి డ్రమ్ముల సెట్టు కొన్న రోజున నేను కమిటీ వదిలేశాను. దేవుడికి చెవుడు లేదని అందరి ముందూ చెప్పి మరీ వచ్చేశాను. ఇప్పటికీ నా అభిప్రాయం అదే. కానీ ఆ రోజు నుంచి నేను వాన పడుతోందన్నా బయటికి వచ్చి చూసి గానీ నమ్మేవాళ్ళు లేరు.

పాస్టరు ఊరికే ఉండలేదు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో గోడ కోసం ప్రార్థన చేద్దామన్నాడు. అందరినీ లేపి తూర్పు గోడ మీద చేతులుంచమన్నాడు. పెద్దవాళ్ళు పైన, పిల్లలు కింద. నేనూ నల్లరాయి పక్కన అరచెయ్యి ఆనించాను. గోడ చల్లగా ఉంది, చెమట పట్టిన వీపు మీద చెయ్యి వేసినట్టు. అందరూ ఒక్కసారే ఎవరి మాటల్లో వాళ్ళు ప్రార్థిస్తున్నారు. అప్పుడు స్టేషన్‌లోకి రైలు వచ్చింది.

గోడ కదిలింది. ఫ్యాన్లు ఊగినట్టు కాదు. అరచేతుల కింద ఏదో నిద్రలో ఒత్తిగిలినట్టు కదిలింది.

"స్తోత్రం!" అని అవ్వ కేక పెట్టింది. "తాకిండు! దేవుడు తాకిండమ్మా!"

హాలంతా స్తోత్రాలతో మారుమోగింది. కొందరు ఏడ్చారు. గోడ తమ చేతుల కింద బాగైపోయిందని ఆ సాయంత్రం వాళ్ళు నమ్మి ఇళ్ళకు వెళ్ళారు. నేను నా అరచెయ్యి చూసుకున్నాను. దానికి తడి సున్నం అంటుకుని ఉంది.

గేటు దగ్గర అవ్వను ఆపాను.

"అవ్వా, పండగ రోజు అక్కడ కూర్చోకు."

"ఎందుకు కూసోవద్దు?"

"గోడ పడేలా ఉంది."

ఆమె నవ్వింది. "మీ తాత కట్టిండు గదా దొరా. మీ ఇంటోళ్ళ మెడలే వంగయి, మీ గోడ వంగుతదా?" నేను నవ్వకపోవడం చూసి కొంచెం మెత్తబడింది. "నాకు ఆనుకునే జాగ గదొక్కటే. గోడ లేకుంటె గొంతు లేవది. గొంతు లేకుంటె నేను ఆడికి వచ్చుడెందుకు?"

ఇక మాటల వల్ల కాదని తెలిసింది. నా చేతిలో ఉన్నది గోడలో మా భాగమే. మరునాడు ఇనప రేకు తీసుకుని వెళ్ళి మా భాగం మీదున్న సున్నం పొరలన్నీ గీకేశాను. పొరలు చేప పొలుసుల్లా రాలాయి. అడుగున, గొయ్యి కంటే ముందు నుంచే ఉన్న పాత పగులు బయటపడింది. నల్లరాయి మూల నుంచి మొదలై, మెలికలు తిరుగుతూ, అవ్వ తల ఆనే చోటు దాటి నేల దాకా ఉంది. ఏటా మేమే, మా చేతులతోనే, దాన్ని కప్పుతూ వచ్చామన్నమాట. సున్నం ఊడిన గోడను అలాగే వదిలేశాను. క్రిస్మస్‌కు చుట్టూ తెల్లగా మెరిసే గోడల మధ్య అదొక్కటే గోధుమరంగులో, పగులుతో నిలబడాలి. కళ్ళున్నవాళ్ళు అప్పుడైనా చూడాలి.

చూశారు. కాని వాళ్ళు చూసింది పగులును కాదు. సున్నం లేకపోవడాన్ని. సందులో నేను నడుస్తుంటే మాటలు ఆగేవి, నేను దాటాక మొదలయ్యేవి. నీళ్ళ పంపు దగ్గర ఒకామె అంటుండగా విన్నాను. "పాపం, సున్నానికి గూడ గతి లేకుంట అయిందంట." ఇంకొకామె, "గతిలేక కాదే, పొగరు. కమిటీల ఉంచుకోలేదని కోపం," అంది. రెండూ విన్నాను. వెనక్కి తిరగలేదు. సున్నం కొనలేకపోయారని మా ఇంటి గురించి అనిపించుకోవడం నాకు కొత్త. అయినా గోడ కనిపిస్తున్నంత కాలం ఏమైనా అనుకోనీ అనుకున్నాను.

పండగ ముందురోజు మధ్యాహ్నం చర్చికి వెళ్ళేసరికి గుమ్మంలోనే ఆగిపోయాను. మా గోడ తెల్లగా ఉంది.

సంఘంలోని కుర్రవాళ్ళు నలుగురైదుగురు కుంచెలు పట్టుకుని నన్ను చూసి సిగ్గుగా నవ్వుతున్నారు. పగులులో సిమెంటు కూరి, పైన సున్నం వేసి, ఇంకో పూత కూడా వేశారు. తాతయ్య పేరున్న రాయిని కొబ్బరినూనెతో తుడిచారు. అద్దంలా మెరుస్తోంది. కింది భాగానికి అవ్వే స్వయంగా కుంచె పట్టింది. ఆమె జుట్టులో, ముంజేతుల మీద సున్నం చుక్కలు.

"ఆ ఇంటి బువ్వ తిన్నోళ్ళం. ఆ ఇంటి గోడ బోసిగ ఉంటె మనకు ఇజ్జతేనా అని నేనే చెప్పిన," అంది అవ్వ. "ఎట్లుంది దొరా?"

వాళ్ళ చేతులు చూశాను. చేసింది మంచిపనే. ఏమనాలి?

"బాగుంది," అన్నాను.

అవ్వ ఆ మాటకు ఎంత పొంగిపోయిందంటే, అక్కడే కూర్చుని వీపును ఆ తడి గోడకు ఆనించబోయింది. చీర పాడవుతుందని కుర్రవాళ్ళు లాగేశారు.

క్రిస్మస్ ఉదయం తాతయ్య నల్లకోటు వేసుకుని వెళ్ళాను. అప్పటికే హాలు సగం నిండింది. రంగు కాగితాలు, కొత్త చీరల వాసన, చంటిపిల్లల ఏడుపులు. తూర్పు గోడ కింద ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు ఒరుసుకుని కూర్చున్నారు. అవ్వ తన చోట, నల్లరాయి కింద, వీపు గోడకు ఆనించి పాటల వరుస సరిచూసుకుంటోంది. ఆమె ఒళ్ళో ఎవరిదో పాప నిద్రపోతోంది.

నేను మొదటి వరుస దాకా నడిచాను. మా బెంచీ ఖాళీగా ఉంది. ఎంత రద్దీ ఉన్నా దాని మీద ఎవరూ కూర్చోరు. బెంచీ దాటి తూర్పు వైపు తిరిగాను. ఆడవాళ్ళ చాప మీదికి ఎక్కి, అవ్వ పక్కన, గోడ కింద కూర్చున్నాను.

ఒక్కసారిగా గొంతులు ఆగిపోయాయి. మా సంఘంలో మొగుడైనా ఆ చాపల మీదికి రాడు. నా పక్కనున్న ఆమె కొంగు సర్దుకుని లేచింది. ఆమె వెనక మరొకామె. పిల్లల్ని లాక్కుంటూ, చెప్పుకోలేని తిట్లు కళ్ళతో తిడుతూ, ఆ గోడ కిందున్నవాళ్ళంతా ఒక్కొక్కరే జరిగారు. తల్లి వచ్చి అవ్వ ఒళ్ళోంచి పాపను ఎత్తుకుపోయింది. అవ్వ మాత్రం కదల్లేదు.

"ఏంది దొరా గిది? మతి గిట్ల పోయిందా? మగోళ్ళ దిక్కు పో."

"పోను."

"అందరు చూస్తుండ్రు."

"చూడనీ."

"నేను లెవ్వ. ఆనుకోకుంటె నాతోటి కాదు, నీకెరుకే."

అప్పుడు నేను ఆ ఇంటివాడిగా ఎన్నడూ అనని మాట అన్నాను. "మా బెంచీ మీద కూర్చో అవ్వా. దానికి వీపు పలక ఉంది."

ఆమె నా మొహం వైపు చాలాసేపు చూసింది. నవ్వులాటకు అన్నానేమోనని చూసింది. తరువాత మెల్లగా తల తిప్పి, తను అప్పటిదాకా ఆనుకున్న గోడను, ముందురోజు తనే వేసిన సున్నాన్ని చూసింది. నేను చెయ్యి ఇచ్చాను. పట్టుకుని లేచింది. మగవాళ్ళ వైపు, మొదటి వరుసలో, మూడు తరాలుగా మేము తప్ప ఎవరూ కూర్చోని బెంచీ మీద కూర్చుంది. వెనక్కి ఆనుకుంది.

"గట్టిగనే ఉంది," అంది అందరికీ వినపడేలా. "మీ తాత లెక్కనే."

ఎవరో నవ్వారు. పాస్టరు గొంతు సవరించుకున్నాడు. అవ్వ పాట ఎత్తుకుంది.

నేను గోడ కింద ఒంటరిగా, నిటారుగా కూర్చున్నాను. గోడకూ నాకూ మధ్య చెయ్యి పట్టేంత ఎడం ఉంది. పాటలు అయ్యాయి. కానుకలు అయ్యాయి. ప్రసంగం మొదలయ్యింది. అప్పుడు రైలు వచ్చింది. ఫ్యాన్లు ఊగాయి. నా కోటు భుజం మీద ఏదో తేలికగా పడింది. చూశాను, సున్నం పెచ్చు. ఇంకొకటి చాప మీద పడింది. తరువాత నా వెనక ఇసుక జారడం మొదలైంది.

నేను తిరిగి చూడలేదు. చూడక్కర్లేకపోయింది. వేదిక మీద నిలబడ్డ పాస్టరు కళ్ళు నా తల మీదుగా గోడ మీదికి వెళ్ళి, పై నుంచి కిందికి, మెల్లగా, మెలికలు తిరుగుతూ దిగాయి. ఆ చూపు నేల దాకా వచ్చి నా దగ్గర ఆగింది. ప్రసంగం మధ్యలో వదిలేసి, "ఆశీర్వాదం తీసుకుందం. అందరు పడమటి తలుపు నుంచి మెల్లగ బయటికి నడవండ్రి. కేకు బయట పంచుతరు," అన్నాడు. కేకు మాట వినగానే పిల్లలు పరుగెత్తారు.

అందరూ వెళ్ళాక ఆయన దిగి వచ్చి నల్లరాయి వెనక వేలు పెట్టాడు. వేలు కాదు, చెయ్యి పట్టింది.

ఆ వారమే గోడకు దుంగలు పోటు పెట్టించారు. అధికారులకు ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. గోతిని పూడ్చి రాయి కట్టుడు కడతామని పక్క స్థలం వాళ్ళు మాటిచ్చారు. పండగలయ్యాక మళ్ళీ తవ్వడమే మొదలుపెట్టారు. దుంగల్లో ఒకటి ఈమధ్య విల్లులా వంగింది. దర్జీ భాయ్ కుర్చీ ఇంకొంచెం జరుపుకున్నాడు.

ఆడవాళ్ళ చాపలు మొదట్లో బాగా దూరంగా వేశారు. కానీ హాలు చిన్నది, జనం ఎక్కువ. వారం వారం చాపలు మెల్లగా తూర్పుకు జరుగుతున్నాయి. నేను కూర్చున్న చోటు దాకా వచ్చి ఆగుతాయి. అందుకని ప్రతి ఆదివారం నేను అక్కడే కూర్చుంటున్నాను. ముందు బెంచీ తమదన్నారు, ఇప్పుడు ఆడవాళ్ళ జాగా కూడా తమదంటున్నారు అని సంఘంలో చెప్పుకుంటున్నారట. అవ్వ చెప్పింది.

"నువ్వేమన్నావు?" అని అడిగాను.

"గా ఇంటోళ్ళంతే అన్న."

ఆమె పాడుతున్నప్పుడు నేను ఇక్కణ్ణుంచి బెంచీ వైపు చూస్తాను. వీపు పలక మీద, ఆమె భుజాలు ఆనే చోట, పాలిష్ అప్పుడే మసకబారింది. పాటకూ పాటకూ మధ్య నిశ్శబ్దమైనప్పుడు నా వెనక ఇసుక జారుతూ ఉంటుంది. ఈమధ్య దానికి రైలు కూడా అక్కర్లేదు.